సాంచాల సైగలు

సిరిసిల్ల లసుమవ్వ ఇరవై ఏళ్లు సాంచాల పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టింది. ఆ మరమగ్గాల మోతలో మాట వినపడక, అక్కడి ఆడవాళ్లు చేతులతోనే ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు.

మొన్న జూన్‌లో ఆమె దివ్యాంగుల బడిలో ఆయమ్మగా చేరింది. తొలిరోజే, చెవులు వినపడని హర్షిణిని అలవాటు కొద్దీ సైగతో అడిగింది: ఆకలైతుందా? ఎవరితోనూ కలవని ఆ పిల్ల ఎగిరి గంతేసింది! వారం తిరిగేసరికి చేతులు తిప్పుతూ, బడి వెనక పిల్లి ఈనిన వైనమంతా చెప్పసాగింది.

ఒక సాయంత్రం హర్షిణిని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి రమ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెదీ కండెల పనే.

"అవ్వా, గివి మన సైగలే గదా!"

"మరి ఇంట్ల బిడ్డతోని గిట్లెందుకు మాట్లాడకపోతివే?"

"ఇంట్ల మోత లేదు గదవ్వా..."

రమ గబగబా కూతురి ముందు కూర్చుని చేతులెత్తింది: పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టింది?

హర్షిణి మూడు వేళ్లు చూపించింది.