బూజంటే ఏ బూజు?

తొంభైల నడిమిలో ఒక చలికాలం ఉదయం, మదనపల్లె టమాటా మండీలో వేలం పాడుతూ పాడుతూ ఆగిపోయాను. "ఒకటోసారి" అన్నాను. "రెండోసారి" అన్నాను. మూడోసారికి నోరు తెరిస్తే మాటకు బదులు దగ్గు వచ్చింది. వచ్చింది పోలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, కళ్లలో నీళ్లు కారేదాకా దగ్గాను. చుట్టూ ఉన్న రైతులు, వ్యాపారులు విరగబడి నవ్వారు. నిమ్మనపల్లె నుంచి కాయ తెచ్చిన పెద్దాయన, "ధర పెంచేదానికి కొత్త ఆట కనిపెట్టినాడప్పా మైకప్ప!" అన్నాడు.

వాళ్లను అనడానికి లేదు. నా అసలు పేరు వెంకటప్ప. మైకు లేకుండానే మండీ ఆ చివరిదాకా వినబడే గొంతు కాబట్టి మైకప్ప అయ్యాను. ఆరో తరగతిలో బడి మానేసిన నాకు ఆ గొంతే సర్టిఫికెట్టు. ధరలు అరిచేవాళ్లు మండీలో చాలామందే ఉండేవారు, నేను నవ్విస్తూ అరిచేవాడిని. బాగా మాగిన కాయ కుప్ప దగ్గరికి పోతే, "ఈ పెండ్లికూతురు మెత్తన, మెల్లగా పట్టుకోండప్పా, ఈ పొద్దే కాపురానికి తీసకపోవల్ల" అనేవాడిని. అట్లాంటివాడు దగ్గితే అది కూడా పాటలో భాగమే అనుకుంటారు మరి.

మేముండేది పుంగనూరులో. తెల్లవారక ముందే బస్సెక్కి మదనపల్లె పోయి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడిని. రెండు గదుల బండల మిద్దె. వెనక గదిలో మంచం, పక్కనే గోడకు ఆనించి ఇనుప బీరువా. ఆ గోడకు అవతలి పక్క, పెరట్లో, సిమెంటు నీళ్ల తొట్టి. అప్పట్లో కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. వచ్చిన రోజు మా ఆవిడ సరోజ తొట్టిని అంచుదాకా నింపి, దాని పక్కన నిలబడి చుట్టుపక్కల పెరళ్లవాళ్లంతా చూసేలా చెంగు దులుపుకొనేది. ఆ నిండు తొట్టి చూస్తే నాకూ గర్వమే. మగ్గుతో ముంచి నెత్తిన పోసుకుంటే ఎండాకాలంలో ప్రాణం లేచొచ్చేది. ఆ చల్లదనం ఇప్పటికీ ఒంటికి గుర్తుంది.

అంతకు రెండేళ్ల ముందు దాకా ఇంటికి ఏటా సున్నం కొట్టేవాళ్లం. తడిసిన సున్నపు వాసన, సరోజ ముంగురుల మీద తెల్లటి చుక్కలు, నేలంతా పాత గోనెలు. తర్వాత వీధిలో అందరిలాగే మేమూ ఆయిల్ పెయింట్‌కు మారాం. చిలకపచ్చ రంగు. గోడ అద్దంలా మెరిసేది. నేను దాంట్లో చూసుకొని తల దువ్వుకొనేవాడిని.

దగ్గు తగ్గలేదు. తెల్లవారి లేచేటప్పటికి ఎదలో పిల్లి కూర్చున్నట్టు గుర్రుగుర్రుమనేది. మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఎక్స్‌రే అన్నాడు, కఫం తీసి స్పూటం టెస్ట్ అన్నాడు. మా ఊళ్లల్లో విడవని దగ్గంటే జనానికి తోచేది ఒక్కటే, టీబీ. రిపోర్టు రాకముందే టీ అంగడాయన అందరికీ గాజుగ్లాసుల్లో ఇచ్చి నాకు మాత్రం వాడి పారేసే కప్పులో ఇచ్చాడు. "నన్ను వీఐపీని చేసినావు గదప్పా" అంటే తల వంచుకొని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ టీ మాత్రం తాగకుండా పారబోశాను.

స్పూటం నెగటివ్ వచ్చింది. ఎక్స్‌రే క్లియర్. డాక్టరు, "టీబీ కాదు, అలర్జీలాగా ఉంది. దుమ్ము, మండీ, చలి, ఏదైనా కావచ్చు" అని మాత్రలు రాశాడు. వేసుకున్నన్నాళ్లు కొంచెం నయం, ఆపితే మళ్లీ మొదలు.

మండీ యజమాని రెడ్డెప్ప మంచివాడు. మంచివాడు కాబట్టే నెమ్మదిగా చెప్పాడు. "మైకప్పా, బాగు చేసుకోని రా. అంతదాకా ఇంకొకాయన్ని నిలబెడతా. తప్పు తీసుకోవద్దు. నువ్వు దగ్గి ముగించేలోపల కాయ మాగిపోతాండాది."

అందరం నవ్వాం. ఆ రోజు పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, చెప్పేదానికి ఒక్క జోకు కూడా తోచక, ఊరు వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను. గొంతు పోతే నేను ఎవరిని? మూటలు మోసే బలం లేదు, లెక్కలు రాసే చదువు లేదు.

పని లేదు కాబట్టి సరోజ పుట్టిల్లు కుప్పం పోయాం. అక్కడ విచిత్రం జరిగింది. కొద్ది రోజులకే ఎదలో పిల్లి లేచి వెళ్లిపోయింది. పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడి, మండీలో అరిచినట్టు అరిచి చూసుకున్నాను. వీధి కుక్కలు లేచి పరుగెత్తాయి.

మా అత్త చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "అల్లుడికి జబ్బు లేదు, పాడు లేదు. నా కోడికూర మీద ఆశ ఉండాది, అంతే."

"నిజమే అత్తా. నీ కూతురు వండేది తింటే దగ్గొస్తాండాది" అన్నాను.

"అట్లయితే ఈడనే ఉండిపో. నేనొక్కతే పోతా" అంది సరోజ, చేటలో బియ్యం ఎగరేస్తూ.

పుంగనూరు తిరిగి వచ్చాం. మూడో రోజుకు దగ్గూ తిరిగి వచ్చింది. ఈసారి సరోజ మొహంలో అనుమానం. "యాలయ్యా, ఈడికొస్తేనే వస్తాది? మా అమ్మ ఇంట్లో రాదా? పనికి పోకుండా ఉండేదానికి యేషమా ఇది?" అని అడిగేసింది. ఎన్నేళ్లుగానో ఆటపట్టించిన మనిషి నిజం చెబితే ఇట్లాగే ఉంటుంది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇంట్లో మనిషే నమ్మకపోతే ఇంకెవరికి చెప్పుకొనేది?

ఈసారి కుప్పంలో పెద్దాసుపత్రికి పోయాం. లేడీ డాక్టరు. ఇంట్లో మాట్లాడేది తమిళం. తెలుగు ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నారు, ఒక్కో మాట తూకం వేసి మాట్లాడేవారు. గొట్టంలో ఊదించారు. ఎదకు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"ఇది ఆస్తమా. అలర్జిక్ ఆస్తమా. మీకు ఊరు మారితే తగ్గుతుంది అంటున్నారు. అంటే ఇంట్లో ఏదో ఉంది. ఇంట్లో ఫంగస్ ఉందా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆమె పక్కనున్న నర్సును ఏదో అడిగి, మా వైపు తిరిగి, "అదే, బూజు. మీ ఇంట్లో బూజు ఉందా?" అన్నారు.

సరోజకు రోషం పొడుచుకొచ్చింది. "బూజా? మా ఇంట్లోనా? ఎంత మాటంటిరమ్మా! అమావాస్య అమావాస్యకీ పొడుగు కర్రకు చీపురు కట్టి మూలమూలా దులుపుతా. మా ఇంట్లో బూజు సూపించినోళ్లకి నా గాజులు తీసి ఇస్తా."

డాక్టరమ్మ తృప్తిగా తల ఊపి, కాగితం మీద ఏదో కొట్టేశారు. నేను కూడా, "సాలీడు మా ఇంట్లోకి రావల్లంటే సరోజ పర్మిషన్ తీసుకోవల్లమ్మా" అన్నాను. ఆమె నవ్వారు, సాలీడు ఎందుకొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. నాకు జోకు పేలిందని సంతోషం. అసలు మాట అక్కడ జారిపోయిందని ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు.

ఇన్‌హేలర్ ఇచ్చారు, పీల్చే పద్ధతి నేర్పారు. అది పనిచేసింది. కానీ పుంగనూరులో ఉన్నంతకాలం అది చాలేది కాదు. మధ్యమధ్యలో మండీకి పోయి పాడి చూస్తే అరగంటకే ఆయాసం. ఇట్లా ఒక ఏడాది పోయింది.

మరుసటి ఏడు కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ముసురు విడిచాక అంగళ్లులో బంధువుల పెండ్లి పడింది. సరోజ తన పెండ్లి పట్టుచీర కోసం బీరువాలో కింది అరలో, వెనకాల చేయి పెట్టింది. తీసి మడత విప్పింది. మెరూన్ చీర మీద తెల్లటి మచ్చలు, పొడి పొడిగా. మూసిపెట్టిన గుడ్డల వాసన గదంతా కొట్టింది.

"అయ్యో, నా చీరకు బూజు పట్టిందయ్యా!" అంది.

అని, నోరు అట్లాగే తెరుచుకొని నిలబడింది. నేను ఇన్‌హేలర్ మూత తీస్తున్నవాణ్ణి తీస్తున్నట్టే ఆగిపోయాను.

"ఏమంటివి?"

"బూజు..."

"కుప్పంలో డాక్టరమ్మ అడిగింది ఏ బూజు?"

మూలల్లో సాలీడు కట్టేదీ బూజే. పచ్చడి మీద, రొట్టె మీద, తడి గుడ్డ మీద పట్టేదీ బూజే. మండీలో నేను రోజూ "ఆ కాయ తీసేయప్పా, బూజు పట్టింది" అని అరిచేవాడిని. ఆసుపత్రిలో ఆ మాట వినగానే ఇద్దరికీ చీపురే గుర్తొచ్చింది.

ఇద్దరం బీరువాను పట్టి లాగాం. వెనక చిలకపచ్చ గోడ లేదు. నల్లగా, బూడిదరంగుగా, మనిషి నడుము ఎత్తుదాకా మచ్చలు. పెయింట్ బొబ్బలెక్కి ఉంది. వేలితో పొడిస్తే బొబ్బ పగిలి లోపలినుంచి నీళ్లు కారాయి. తొట్టి పగులులోంచి నీళ్లు ఇన్నాళ్లూ గోడలోకి పోతున్నాయి. అవి ఆరకుండా ఆయిల్ పెయింట్ మూత వేసింది. ఆ మచ్చకూ నా తలగడకూ మధ్య మూరెడు దూరం.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి, మీరు చేయవద్దు కాబట్టి. శత్రువు దొరికాడన్న ఉత్సాహంలో సరోజ వాడే బూజుకర్ర నేనే అందుకొని ఆ గోడను బరబరా దులిపేశాను. పేరు ఒకటే కదా, వైద్యమూ ఒకటే అనుకున్నాను. గదిలో పొగలా లేచింది. గడప దాటేలోపల ఊపిరి అందలేదు. గోడ పట్టుకొని కూర్చుండిపోయాను. మాట రాలేదు, చేత్తో సైగ చేశాను. సరోజకు అది వేషం కాదని మొహం చూడగానే తెలిసింది. ఆటోలో నన్ను ఎదకు ఆనించుకొని మా ఊరి ఆసుపత్రి దాకా ఒకటే మాట. "నమ్మినానయ్యా. నమ్మినా. ఊపిరి తీసుకో." నెబులైజర్ పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులు ఉంచుకొని పంపారు.

ఆ తర్వాత కుప్పం పోయాం. సరోజ ఆ చీరను కవర్లో చుట్టి తెచ్చి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"అమ్మా, మీరు అడిగింది ఇదేనా?"

"ఇదే! ఇదే ఫంగస్. లేదన్నారే?"

"మీరు సాలెగూడు అడిగినారనుకుంటిమి తల్లీ. పరువు పోతాదని గాజులు పందెం కడితి."

డాక్టరమ్మ కాసేపు నవ్వి, తర్వాత గంభీరంగా, "నేను గోడకు తడి ఉందా అని అడిగి ఉండాల్సింది" అన్నారు. ఒకే గదిలో పడుకున్నా సరోజకు ఎందుకు రాలేదని అడిగితే, "అందరికీ ఒకేలా పడదు. మీ ఆస్తమాకు ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ ఇది ఉండగా మందులు గెలవడం కష్టం" అని, ఏం చేయాలో చెప్పారు. మొదట నీళ్లు ఆపాలి. పొడిగా దులపకూడదు. జబ్బు మనిషి ఆ పక్కకే రాకూడదు.

నన్ను అత్త ఇంట్లో పెట్టి సరోజ, మా బావమరిది పుంగనూరు పోయారు. ముందు తొట్టి ఖాళీ చేసి పగులగొట్టించారు. ముక్కుకు తడి తువాలు కట్టుకొని, తలుపులు కిటికీలు బార్లా తెరిచి, గోడను సబ్బునీళ్లతో తడుపుతూ పెయింట్ గీకారు. నాని ఉబ్బిన సిమెంటు పూతను రాయి కనబడేదాకా కొట్టించి, తడిగానే గోనెల్లో కట్టి పారేశారు. దూదిపరుపు కూడా పోయింది. గోడ బాగా ఎండేదాకా వారాల తరబడి అట్లాగే వదిలేసి, మళ్లీ పూత వేయించి, దానిమీద సున్నం కొట్టించారు. కొత్త తొట్టి పెరటి చివర, ఇంటికి తగలకుండా కట్టించారు.

నేను తిరిగి వచ్చిన రోజు తలుపు తీయగానే సున్నపు వాసన. సరోజ ముంగురుల మీద తెల్ల చుక్కలు. "ముసలిదానివి అయిపోయినావే" అన్నాను. "నీ దగ్గు సూసి సూసి" అంది. ఆ రోజు బాగా నిద్రపోయాను. పొద్దున్న లేచి ఎద మీద చేయి పెట్టుకొని చూసుకుంటే నిశ్శబ్దం.

మండీకి పోయి రెడ్డెప్పకు నమస్కారం పెట్టాను. నా బదులు పాడే ఆయన నిదానస్తుడు, ఆయన ధర చెబుతుంటే చావు కబురు చెబుతున్నట్టు ఉండేది. రెడ్డెప్ప ఆయన్ని తూకం దగ్గరికి పంపి, "ముందు ఒక్క కుప్ప పాడు సూస్తాం" అన్నాడు. పాడాను. ఆపమనే మాట ఎవరూ అనలేదు. రెండో కుప్ప, మూడో కుప్ప. ఎండ నెత్తికెక్కేదాకా పాడాను. కాళ్లు లాగాయిగానీ ఊపిరి లాగలేదు.

ఇదంతా జరిగి పదేళ్లు దాటింది. ఆస్తమా పూర్తిగా పోలేదు. డాక్టరు చెప్పినట్టు ఇన్‌హేలర్ జేబులో ఉంటుంది, చెకప్‌కు పోతుంటాను. మండీలో గంపలు పోయి ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి, రెడ్డెప్ప పోయి ఆయన కొడుకు వచ్చాడు. నా గొంతు మాత్రం మారలేదు.

నేను చెప్పే సలహా ఒక్కటే. ప్రతి ఏడూ వానలు వెలిసిన వారంలో బీరువా, మంచం, బియ్యం డ్రమ్ము, గోడకు ఆనిన ప్రతి సామానూ ముందుకు జరపండి. వెనక గోడకు అరచేయి ఆనించండి. చల్లగా, తడిగా తగిలితే ఆ నీళ్లు ఎక్కడివో ముందు కనుక్కొని ఆపండి, తర్వాతే గోడను ముట్టుకోండి. సామాను మళ్లీ పెట్టేటప్పుడు గోడకు జానెడు ఎడం వదలండి.

మేము ఇప్పటికీ చేస్తాం. మొన్న వానల తర్వాత సామానంతా నడవలోకి లాగి, ఇద్దరం చెరొక గోడకు చేయి ఆనించి కళ్లు మూసుకొని నిలబడి ఉంటే, పక్కింటావిడ తొంగి చూసి, "ఏమప్పా మైకప్పా, ఇల్లు కాళీ చేస్తాండారా?" అని అడిగింది.

"లేదమ్మా. గోడకు నాడి సూస్తాండాము. మాట్లాడొద్దు, సరోజ లెక్క పెడతాండాది" అన్నాను.