పురుగు ముట్టిందన్నారు

దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఆవలింతలొస్తాయి. చిన్నప్పుడు మా చెల్లి దుప్పటి ముసుగేసుకుని వణికిపోయే కథలకి నేను పకపకా నవ్వేదాన్ని. అలాంటిది ఇప్పుడు నేనే చెబుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, జరిగింది మాత్రం ఇదే.

నేను పుట్టి పెరిగింది విజయవాడ భవానీపురంలో. అత్తవారిది అవనిగడ్డ వైపు పల్లెటూరు. వాళ్ళింట్లో ఒక పట్టింపు ఉంది. పాము కరిస్తే పాము అనరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. పేరెత్తితే విషం తలకెక్కుతుందని మా అత్తయ్య నమ్మకం. ఆరు నూరైనా ఆవిడ నోట ఆ మాట రాదు. పెళ్ళయిన కొత్తలో నేను కూడా పురుగంటే ఏ జెర్రో అనుకున్నాను.

కిందటి వరి కోతలప్పుడు నేను పుట్టింటికొచ్చి ఉన్నాను. ఒకరోజు పొద్దున్న చెల్లీ నేనూ గవర్నర్‌పేటలో జాకెట్టు గుడ్డలు చూస్తుంటే అత్తయ్య ఫోన్ చేసింది.

“అమ్మాయ్, కళ్ళంలో ధాన్యం మీద పట్టా తీస్తుంటే అబ్బాయికి పురుగు ముట్టిందే. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోతున్నా.”

“పాము అని చెప్పండత్తయ్యా, పురుగంటే వాళ్ళకి తెలీదు!” అని నేను అరిచేలోపే పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తదు. మా ఆయన ఫోను మోగి మోగి ఆగిపోయింది.

 అవనిగడ్డ ఆస్పత్రిలో డాక్టరమ్మ కొత్తగా వచ్చిన హైదరాబాద్ అమ్మాయి. కొన్ని పాములు కరిస్తే వాపు కూడా ఉండదని విన్నాను. పురుగంటే ఏ కందిరీగో అనుకుని ఎలర్జీ సూది వేసి పంపేస్తే? పాము విషానికి విరుగుడు మందు తప్ప ఇంకో దిక్కు లేదు, అది కూడా ఆలస్యం కాకూడదు. ఒక్క మాట అత్తయ్య నోట్లోంచి ఊడిపడితే చాలు, మా ఆయన బతుకుతారు.

దొరికిన బస్సెక్కాం. ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్లు అడ్డం. కదలదే! నేను కళ్ళు గట్టిగా మూసుకుని “పాము, పాము, పాము” అని పైకే అంటున్నానట. ముందు సీట్లో వాళ్ళు గబుక్కున కాళ్ళు పైకెత్తుకుని కూర్చున్నారు. చెల్లి వాళ్ళకి సర్దిచెప్పుకోలేక చచ్చింది.

పరుగెత్తుకుంటూ వార్డులోకి వెళ్తే మా ఆయనకి సెలైన్‌లో విరుగుడు మందు ఎక్కుతోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. డాక్టరమ్మ నన్ను చూసి, “ఇంతలో ఎక్కడికెళ్ళిపోయారండీ? మీరు చెప్పబట్టి సరిపోయింది” అంది.

నేను చెప్పానా?

మా ఆయనకి మాట ముద్దగా వస్తుంటే భయంతో అనుకుని, ఆవిడ ఎలర్జీ ఇంజెక్షనే రాస్తోందట. అప్పుడు నేను లోపలికొచ్చానట, నేను కట్టుకున్న ఈ పచ్చ చీరలోనే. “పురుగంటే పామండీ. కట్లపాము. ఆయన రెప్పలు చూడండి” అన్నానట. చూస్తే రెప్పలు వాలిపోతున్నాయి. వెంటనే మందు మొదలుపెట్టారు. సగంలో ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు వచ్చాయట. డ్రిప్ ఆపి, ముందే సిద్ధంగా ఉంచుకున్న సూది వేసి, తగ్గాక మళ్ళీ ఎక్కించారట. ఈ మందు ఆస్పత్రిలోనే ఎందుకు వేయించుకోవాలో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

అత్తయ్యని అడిగితే విచిత్రంగా చూసింది. “అదేంటే! నువ్వొచ్చాకేగా నేను కాస్త కుదుటపడి మంచినీళ్ళు తాగింది?”

నేను ఆ సమయానికి చెరుకు ట్రాక్టరు వెనక ఉన్నాను. సాక్ష్యానికి మా చెల్లి ఉంది. పైగా అది కట్లపామని నాకు తెలియదు, అత్తయ్యకీ తెలియదు. కళ్ళారా చూసింది మా ఆయనొక్కరే, ఆయనకి ఆటోలోనే నాలుక మొద్దుబారింది. నాలాంటి ఆవిడ ఇంకెవరైనా ఉన్నారేమోనని నర్సుల్ని, పక్క మంచాల వాళ్ళని, చివరికి గేటు దగ్గర కొబ్బరిబోండాల అతన్ని కూడా అడిగాను. ఎవరూ లేరు.

రెప్పలు లేచి మాట తిరిగొచ్చాక మా ఆయన నాతో అన్న మొదటి మాట ఇది.

“కళ్ళు తెరవలేకపోయా గానీ అన్నీ వినపడుతూనే ఉన్నాయే. ఆ వణుకొచ్చినప్పుడు ఇక పోతాననుకున్నా. నువ్వు చెయ్యి వదల్లేదు చూడు, దాంతో ధైర్యమొచ్చింది.”

నేనప్పటికింకా రాలేదండీ అని చెప్పాను. ఆయన నమ్మరు. నా చెయ్యి నాకు తెలీదా అంటారు.

ఎవరో ఒకావిడ నా మొహం పెట్టుకుని వచ్చి నా మొగుడి చెయ్యి పట్టుకుంది. ఇంకెప్పుడైనా అయితే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. ఆవిడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. కనిపిస్తే మాత్రం కాళ్ళ మీద పడతాను.