బోర్లించిన పడవ కింద అమ్మమ్మ

ఓడ పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అని నోవహుకు దేవుడంతటివాడు మూరల్లో లెక్కకట్టి చెప్పాల్సి వచ్చింది. అదే మా దేవకుమార్ తాతయ్యయితే, "ప్రభువా, మీరు వాన సంగతి చూసుకోండి, ఓడ సంగతి నాకొదిలేయండి" అని పంపించేసేవాడు. ఆయనుండే ఇర్వింగ్ ఊరొక్కటే కాదు, టెక్సాస్ మొత్తం మీద సొట్టపడ్డ అల్యూమినియం రేకేదైనా ఆయన అడుగుల చప్పుడు వింటే భయంతో తనంతట తానే చదునైపోతుంది. ఆయన బిగించిన రివెట్ ఊడాలంటే ముందు ఆయన దగ్గర సెలవు తీసుకోవాలి.

అంతటి మహానుభావుడు ఈ జులై నెలలో పెళ్ళాం నోటి నుంచి ఒక్క మాట రప్పించలేక, గరాజ్‌లో బోర్లించిన పడవ పక్కన ముక్కాలిపీట వేసుకుని దిగాలుగా కూర్చున్నాడు.

తాతయ్యది నర్సాపురం. పర్సిస్ అమ్మమ్మకు నర్సుగా వీసా వస్తే ఆ వీసా కొంగు పట్టుకుని అమెరికా వచ్చాడు. వచ్చాక విమానాల ఒళ్ళు కుట్టే ఫ్యాక్టరీలో చేరి, రిటైరయ్యేదాకా రేకుకు రేకు కలిపి మేకుల్లాంటి రివెట్లు కొట్టాడు. రిటైరయ్యాక కాళ్ళూ చేతులూ ఊరుకోలేదు. ఎదురింటాయన ఇల్లమ్ముకుని వెళ్ళిపోతూ, కంచె పక్కన ఉడతలు కాపురం పెట్టిన చేపల పడవొకటి కావాలంటే తీసుకోమన్నాడు. పాత అల్యూమినియం పడవ. తాతయ్య దాన్ని కొత్త కోడల్ని దింపుకున్నట్టు భద్రంగా గరాజ్‌లోకి దింపుకున్నాడు.

ముందు పడవ లోపల జానెడు నీళ్ళు పోసి, కిందకు దూరి, ఏ రివెట్ దగ్గర చుక్క దిగుతోందో చూసి నల్ల మార్కర్‌తో సున్నాలు చుట్టాడు. ఆఖరికి చూస్తే పడవకు ఆటలమ్మ పోసినట్టుంది. సున్నా చుట్టిన ప్రతి రివెట్‌నూ డ్రిల్లుతో తీసేసి కొత్తది కొట్టాలి.

ఆ పని ఒక్కడి వల్ల కాదు. పైనుంచి గాలి సుత్తితో రివెట్ తలమీద కొట్టేవాళ్ళొకరు, అవతలివైపు నుంచి దాని తోకకు ఇనుప దిమ్మ అదిమిపట్టేవాళ్ళొకరు ఉండాలి. మధ్యలో రేకు అడ్డం, ఒకరికొకరు కనపడరు. సుత్తికి గాలి పంపే కంప్రెసర్ మోతలో మాటా వినపడదు. అందుకని ఫ్యాక్టరీలో వాళ్ళకొక పద్ధతి ఉండేది. లోపలి మనిషి రేకు మీద ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే చెడింది, తీసేయమని. వసంతకాలమంతా లోపలి మనిషి అమ్మమ్మే. బోర్లించిన పడవ కింద పీట వేసుకుని కూర్చునేది. నరం ఎక్కడుందో వేలితో తడిమి చెప్పే మనిషి కదా, రివెట్ తోక సరిగ్గా అణిగిందో లేదో ఆ వేలితోనే చెప్పేసేది. పడవ వెన్ను వెంబడి ఉన్నవి తప్ప అన్నీ ఇద్దరూ కలిసి పూర్తి చేశారు.

అప్పుడు జరిగింది ఫ్రీజర్ సంగతి.

గరాజ్‌లో అమ్మమ్మ ఫ్రీజర్ ఉంటుంది. పండుగప్ప ముక్కలు, గోంగూర, మునక్కాయలు, అన్నీ అందులోనే. చర్చి స్త్రీల సమాజం వాళ్ళతో కలిసి ఆమె నాలుగు రోజుల ప్రార్థనల రిట్రీట్‌కు వెళ్ళినప్పుడు తాతయ్య కంప్రెసర్ పెట్టుకోవడానికి ఫ్రీజర్ ప్లగ్ పీకాడు. మళ్ళీ పెట్టడం మరిచిపోయాడు. టెక్సాస్ ఎండకు గరాజ్ పొయ్యిలా కాగుతుంది. ముక్కుకు తెలిసేసరికి లోపల అంతా నీరుగారిపోయింది.

చేపలు పోతే చేపలే. కానీ అడుగున నీలం మూత పెరుగు డబ్బా ఒకటుంది. అందులో చింతచిగురు రొయ్యలు. నిరుడు అమ్మమ్మ చెల్లెలు ఎస్తేరు నర్సాపురం నుంచి వచ్చి, తిరిగి వెళ్ళే ముందురోజు సాయంత్రం వండింది. అక్క కోసం ఒక డబ్బాలో తీసి పెట్టింది. వెళ్ళిన కొన్నాళ్ళకే ఎస్తేరు పోయింది. ఆ డబ్బాను అమ్మమ్మ తెరవలేదు, ఎవరినీ తెరవనివ్వలేదు. ఒకసారి ఆమె దాన్ని బయటికి తీసి రెండు చేతుల్లో కాసేపు పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేయడం తాతయ్య చూశాడు. చూసినట్టు చెప్పలేదు.

ఆ రోజు తాతయ్య డబ్బా మూత తీశాడు. పాడైన వాసన. ఎర్రటి నీళ్ళలో చింతచిగురు తేలుతోంది. ఏమిటో తెలుసు, ఎవరు వండిందో తెలుసు. దాన్ని అలా పర్సిస్ చేతిలో పెట్టే ధైర్యం రాలేదు. పారబోశాడు. ఫ్రీజర్ కడిగాడు, కొత్త చేపలు తెచ్చి నింపాడు.

అమ్మమ్మ వచ్చి ఫ్రీజర్‌లో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది.

"ఏవండీ, ఇందులో నీలం మూత డబ్బా ఉండాలి."

"ప్లగ్ ఊడిపోయింది పర్సీ. నేనే తీశాను, మళ్ళీ పెట్టలేదు. అన్నీ పాడైపోయాయి. ఏది ఏమిటో చూడలేదు, మొత్తం ఒక్కసారే బ్యాగ్‌లో వేసి పారేశాను. సారీ."

"చూడలేదా?"

"చూడలేదు."

మందు వేసుకున్నానని రోగి అబద్ధమాడుతుంటే తెలిసీ బీపీ చూస్తూ ఊరుకునే నర్సు చూపొకటుంటుంది. ఆ చూపు చూసింది. ఆ క్షణం నుంచి ఆయనతో మాట మానేసింది.

వంట మానలేదు, ఆయన మాత్రలు డబ్బాలో సర్దడం మానలేదు. మాటే లేదు. ఏదైనా ఉంటే మనవరాలి మీదుగా నడవాల్సిందే. కాలేజీ మధ్యలో వదిలేసి, ఎడిసన్‌లో ఉన్న వాళ్ళమ్మ ప్రేమజ్యోతి తిట్లు తప్పించుకోవడానికి ఆ ఇంట్లో మకాం పెట్టిన మనవరాలు అది.

"చారు కావాలేమో అడుగు మీ తాతయ్యని."

"కావాలని చెప్పు మీ అమ్మమ్మకి."

"ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గరున్నారు, ఇద్దరికీ చెవులున్నాయి. మధ్యలో నాకీ జాబ్ ఏంటి?"

"నీకున్న జాబ్ ఇదొక్కటే కదే, చెయ్యి," అన్నాడు తాతయ్య. అమ్మమ్మ మామూలుగా అయితే నవ్వేది. నవ్వలేదు.

నెల మొదటి ఆదివారం వచ్చింది. తెలుగు చర్చిలో ఆ రోజు ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు సమాధానపడి రండి అని పాస్టరుగారు ఎప్పుడూ చెప్పేదే. చిన్న చిన్న గ్లాసుల ట్రే వరస వెంట వచ్చింది. అమ్మమ్మ ట్రే అందుకుని, గ్లాసు తీసుకోకుండా పక్కావిడకు ఇచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆమె బల్ల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి. ఆ పక్కావిడ అదిరిపడి చూసింది. ట్రే తన దగ్గరికి వస్తే తాతయ్య కూడా తీసుకోలేదు. తీసుకునే మొహం ఎక్కడిది?

ఆ వారమే అమ్మమ్మ ఎడిసన్‌కు, కూతురి దగ్గరికి, విమానం టికెట్ బుక్ చేయించింది. వచ్చే నెల మొదటి ఆదివారం అవగానే, సోమవారం ప్రయాణం. వెళ్ళడానికి మాత్రమే.

"రిటర్న్ ఎప్పటికి పెట్టమంటావు అమ్మమ్మా?"

"నేను చెప్పినంతవరకు చెయ్యి."

తాతయ్య గోడ అవతల నుంచి విన్నాడు. తన నోటితో నిజం చెప్పకపోతే ఆమె వెళ్ళిపోతుంది. వెళ్తే ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో. చెబితే? చెల్లెలి చేతి వంటని తెలిసి తెలిసీ పారబోసి, పైగా అబద్ధమాడానని చెప్పాలి. రోజూ కాఫీ తాగుతూ చెప్పేద్దామనుకునేవాడు. రోజూ కాఫీ అయిపోయేది. తప్పించుకుని గరాజ్‌లోకి పోయి, దిమ్మను ఇటుకలతో ఎత్తుపెట్టి ఒక్కడే రివెట్లు కొట్టబోయేవాడు. ఒక్కటీ కుదరలేదు. తోకలన్నీ వంకర.

ప్రయాణానికి ముందు శనివారం వచ్చింది. సూట్‌కేస్ హాల్లోకి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం గరాజ్ తలుపు సగం ఎత్తి తాతయ్య వంకర రివెట్లు ఊడదీస్తుంటే వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. అమ్మమ్మ. నైటీ మీద ఆయన పాత చొక్కా వేసుకుంది, చెవుల్లో దూది. ఆయన వైపు చూడకుండా ఇనుప దిమ్మ అందుకుని, వంగి, పడవ కిందకు దూరిపోయింది. లోపల పీట జరిగిన చప్పుడు.

తాతయ్య కంప్రెసర్ ఆన్ చేశాడు. రివెట్‌కు జిగురు పూసి రంధ్రంలో పెట్టి, సుత్తి ఆనించి మీట నొక్కాడు.

టక్ టక్ టక్. మూడు. చెడింది.

కోపం తీర్చుకుంటోందనుకున్నాడు. అయినా మాట్లాడకుండా డ్రిల్లుతో తీసి చూశాడు. తోక నిజంగానే వంకర పోయింది. సుత్తిని పక్కకు ఒరిగించింది ఆయనే. కోపం దారి కోపానిదే, రివెట్ దారి రివెట్‌దే అన్నట్టుంది ఆవిడ లెక్క.

రెండోది. ఒకటి తట్టింది. ఇంకాస్త కొట్టాడు. రెండు. బాగుంది. ఇంకొకటి. ఇంకొకటి. సున్నాలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. అవి అయిపోయాయంటే ఆమె బయటికి వచ్చేస్తుంది, చేతులు కడుక్కుంటుంది, లోపలికి వెళ్ళిపోతుంది. తాతయ్య కావాలనే నెమ్మదిగా కొడుతున్నాడు. ఎంత నెమ్మదిగా కొట్టినా పడవ ముక్కు దగ్గర ఒక్క సున్నా మాత్రమే మిగిలింది.

సుత్తి కింద పెట్టాడు. పడవ వీపు మీద రెండు చేతులూ ఆనించాడు.

"పర్సీ, ఆ డబ్బా..."

సరిగ్గా అప్పుడే కంప్రెసర్ గాలి నింపుకోవడానికి భగ్గుమని లేచింది. మిగతా మాట ఆ మోతలో కొట్టుకుపోయింది. లోపలి నుంచి ఒకటి తట్టింది. ఇంకా కొట్టమని! సుత్తి ఆడుతోందనుకుంది పాపం.

తాతయ్యకు ఒక్క క్షణం హాయి అనిపించింది. చెప్పాడు, వినపడలేదు, ఆయన తప్పేముంది? ఆ హాయి మీద ఆయనకే అసహ్యం వేసింది. గోడ దగ్గరికి వెళ్ళి కంప్రెసర్ ప్లగ్ పీకేశాడు. గరాజ్ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"పర్సీ, చెవుల్లో దూది తీయి."

తీసిందో లేదో తెలియదు. ఆయన చెప్పేశాడు.

"మూత తీసి చూశాను. చూడలేదని అబద్ధం చెప్పాను. చింతచిగురు కనపడింది. ఎస్తేరు వండిందని తెలుసు. నువ్వు దాన్ని పట్టుకుని నిలబడటం కూడా ఒకసారి చూశాను. అంతా తెలిసే పారబోశాను. నీకు చూపించడానికి భయమేసింది."

వీధిలో ఎవరో గడ్డి కోసే మిషన్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపారు. తాతయ్య అలాగే నిలబడ్డాడు.

చాలాసేపటికి పడవ లోపలి నుంచి బావిలోంచి వచ్చినట్టు గొంతు వచ్చింది.

"నాకారోజే తెలుసు."

"ఎలా?"

"డబ్బా కడిగి అలమరలో పెట్టారు."

తాతయ్య నోరు తెరిచాడు. నిజమే. కూర పారబోశాడు, చేపలు పారేశాడు, సంచులు కట్టి చెత్తలో వేశాడు. పెరుగు డబ్బా మాత్రం పారేయలేకపోయాడు. ఆ ఇంట్లో ఖాళీ పెరుగు డబ్బాను ఎవరూ ఎప్పుడూ పారేయలేదు. సబ్బు పెట్టి తోమి, తుడిచి, మిగతా డబ్బాల దొంతరలో పెట్టింది ఆయన చేతులే. పెట్టినట్టు ఆయనకే గుర్తులేదు.

"మీరు చూడని డబ్బా అలమరలో తళతళలాడుతూ ఎలా కూర్చుందండీ? నడిచొచ్చిందా?"

"పర్సీ..."

"చెడిపోతే పోయింది. అది నా చెల్లెలిది. నా చేత్తో నేను పారేసుకునేదాన్ని. ఆ ఒక్కటి కూడా నాకు మిగల్చలేదు మీరు." ఆ తర్వాత రేకు కింద ఆమె ఏడ్చిన చప్పుడు తాతయ్య అరచేతులకు తెలిసింది. ఎస్తేరు పోయిన రోజున కూడా ఆమె డ్యూటీలో ఉన్నదానిలా పనులు చేసుకుపోయింది తప్ప ఏడవలేదు.

ఆయన పడవ కిందకు దూరబోయాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అంచు దగ్గర నేలమీద కూలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. కాసేపటికి అందులో ఇనుప దిమ్మ పెట్టింది.

"కాసేపు పట్టుకోండి. బరువుగా ఉంది."

ఆ చివరి రివెట్ కొట్టేసరికి సాయంత్రమైంది. దానికి రెండుసార్లు తట్టింది.

మర్నాడు చర్చిలో ట్రే వచ్చింది. అమ్మమ్మ దాన్ని పట్టుకుని ఉన్న ఆ కాసేపు తాతయ్య కళ్ళు మూసుకున్నాడు, ప్రార్థన చేస్తున్నాడని అందరూ అనుకుని ఉంటారు. మోచేతికి ట్రే తగిలింది.

"తీసుకోండి, వెనకాల వాళ్ళు ఎదురుచూస్తున్నారు," అంది. ఆమె చేతిలో గ్లాసుంది.

సోమవారం ఆమె ఎడిసన్ వెళ్ళింది. కూతుర్ని చూసి చాలా రోజులైందంది. ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళే దారిలో కారు వెనక సీటులోంచి, "రిటర్న్ కూడా బుక్ చేసెయ్యవే, ఈయన మళ్ళీ ఏ ప్లగ్ పీకుతాడో," అని మనవరాలితో అంది. డ్రైవ్ చేస్తున్న తాతయ్య అద్దంలో చూడబోయి లేన్ తప్పాడు. ఇద్దరూ కలిసి తిట్టారు.

ఇప్పుడు పడవ ట్రెయిలర్ బండి మీద వెల్లకిలా పడుకుని ఉంది. తాతయ్య రోజూ దాన్ని ఒకసారి తుడుస్తాడు. ఇదంతా రాసి చదివి వినిపించాక మనవరాలు ఊరుకోలేక అడిగింది: "తాతయ్యా, అమ్మమ్మ వచ్చేదాకా ఎందుకు? రేపు పొద్దున్నే లూయిస్‌విల్ లేక్‌కి తీసుకెళ్ళి తేలుతుందో లేదో చూసొచ్చేద్దాం. నేనెవరికీ చెప్పనులే."

తాతయ్య గుడ్డ పక్కన పడేశాడు.

"మునిగితే నేనే చెప్పుకుంటాను. తను లేకుండా తేలిందని ఏ మొహంతో చెప్పనే? నోరు మూసుకుని లోపలికి పోయి ఆ గిన్నెలు తోము."