ఒక్క చొక్కా పూరా

మా కుట్టు మేడమ్ పోయారు. వొకేషనల్ కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెడితే, ప్రిన్సిపాల్ గారు కింద బొటనవేలు పైకెత్తి తమ ప్రగాఢ సంతాపాన్ని తెలియజేశారు.

నారాయణగూడలోని ఆ కాలేజీలో ఇంటర్ రెండేళ్లూ బట్టలు కుట్టడం చదివాను. సర్కారు కొలువులకు చదివే అన్నలతో కిక్కిరిసిన అశోక్‌నగర్ హాస్టల్లో కుట్టుమిషన్ చదువు చదివే ఏకైక మహానుభావుణ్ణి నేనే.

మేడమ్ మాకు ఉత్తుత్తి గుడ్డముక్కలు ఇచ్చేవారు కాదు. హైదర్‌గూడలో ఓ ఆస్పత్రి వాచ్‌మన్‌ల చొక్కాల పని ఒప్పుకొని వచ్చి, ఒక్కో చొక్కా ఒక్కొక్కరి చేత మొదలు నుంచి చివరిదాకా కుట్టించేవారు. చెడగొట్టినవాడు ఆ చొక్కాను సాయంత్రందాకా తొడుక్కోవాలి. అది ఆమె శాసనం.

నేను జేబును నాలుగు పక్కలా కుట్టేశాను. ఆ చొక్కాతోనే దారాలు తెమ్మని చిక్కడపల్లి పంపారు.

"తమ్మీ, గా జేబుల ఏం దాసినవ్‌రా, గట్ల సీల్ వేసినవ్?" అన్నాడు చాయ్ బండి అన్న.

తిరిగొచ్చి, "ఇజ్జత్ పోయింది మేడమ్" అన్నాను.

"నీకు ఒక్క పూటే పోయింది బిడ్డా. గా వాచ్‌మన్ ఏడాదంత తొడుక్కుంటడు."

తర్వాత ఓ బట్టల కంపెనీతో కాలేజీకి ఒప్పందం కుదిరింది. పరిశ్రమే తరగతి గదికి వచ్చిందని ఫ్లెక్సీ కట్టారు. వచ్చినవి కాలర్లు. పిల్లలు పొద్దంతా కాలర్లే కుట్టాలి.

మేడమ్ ప్రిన్సిపాల్‌ను అడిగింది ఒక్కటే. "కంపెనీ పని చేద్దాం సార్. కానీ ముందుగాల ప్రతి పిల్లను ఒక్క చొక్కా పూరా కుట్టనియ్యుండ్రి. ఉత్త కాలర్ కుట్టుడే వస్తే బయట ఎవరు పనిస్తరు?"

"టార్గెట్ ఉంది మేడమ్. జర అడ్జస్ట్ కాండ్రి."

ఆమె అడ్జస్ట్ కాలేదు. ఆ వేసవిలో ఆమె కాంట్రాక్టు పొడిగించడం కాలేజీ మరిచిపోయింది. ఎంత జాగ్రత్తగల మతిమరుపో!

అడిక్‌మెట్‌లోని ఆమె ఇంటికి నేను వెళ్లినప్పుడల్లా, జాకెట్లకు హుక్కులు కుడుతూ, "చొక్కాలు మల్ల మొదలువెట్టిన్రా?" అని అడిగేవారు. నేనేదో జోకు వేసేవాణ్ణి. ఆమె నవ్వేవారు కాదు.

కాలేజీలో పెట్టిన సంతాప సభలో ప్రిన్సిపాల్ గారు, "చదువును పరిశ్రమతో ముడివేసిన దార్శనికురాలు" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి.

సభ కాగానే సెకండియర్ అమ్మాయి ఒకతె వచ్చింది. "అన్నా, నువ్వు మేడమ్ స్టూడెంట్‌వంట గద? వచ్చే నెల మా కోర్సు అయిపోతది. చొక్కాకు చెయ్యి ఎట్ల ఎక్కిస్తరు?"

వర్క్‌షాపులోకి తీసుకెళ్లి, పాత పేపరును చొక్కా చెయ్యిలా కత్తిరించాను. లోతైన వంపు ముందు వైపు రావాలని చెప్పాను. ఎక్కించి చూపడానికి చొక్కా వెతికాను. గోడ పొడుగునా కాలర్ల కట్టలే.

ఆ పిల్ల కాగితం చెయ్యిని తన భుజానికే ఆనించుకుని, వంపు ఎటు తిరగాలో చూసుకుంటూ నిలబడింది.