తుక్కుకు పోయిన స్టీమర్

మొన్న డబ్లిన్‌లో కార్ సర్వీసింగ్‌కి ఇచ్చి కూర్చుంటే లోపలినుంచి వేడెక్కిన గ్రీజు వాసన వచ్చింది. మూర్తి అంకుల్ గుర్తొచ్చారు. చేతిలో ఉన్న కాఫీ తాగబుద్ధి కాలేదు.

అప్పట్లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో మా ఎదురు అపార్ట్‌మెంట్ ఆయనది. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ పోయాక ఒక్కరే ఉండేవారు. నేను వారమంతా ఆఫీసులో నలిగి, శనివారమైనా పడుకుందామనుకుంటే పొద్దున్నే తలుపు కొట్టేవారు.

"లేమ్మా, డ్రైవ్ చేయాలి. ఆవిడ వెయిట్ చేస్తుంటుంది."

ఆవిడంటే రేవులో కట్టేసి ఉన్న ముసలి స్టీమర్, ఆయన వాలంటీరుగా చూసుకునేది. ఒకప్పుడు తీరం వెంబడి ఊరూరికీ ప్రయాణికుల్ని తిప్పేది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే నేవీ తీసుకుని, బూడిదరంగు పూసి, డాన్స్ హాల్లో మంచాలు వేసి, గాయపడ్డ సైనికుల్ని మోయించింది. అది తిరిగొచ్చేసరికి జనం కార్లకి అలవాటుపడిపోయారు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మన వీసాల సంగతీ అంతేగా!" అని నవ్వేవారు అంకుల్. నాకు నవ్వొచ్చేది కాదు.

ఏదైనా మ్యూజియం దాన్ని తీసుకుంటుందని ఆయన ఆశ. వాళ్ళొచ్చేసరికి ఇంజన్ బిగుసుకుపోయి ఉండకూడదని వారం వారం చేత్తో తిప్పేవాళ్ళం. ఇనుప చక్రం పట్టుకుని ఇద్దరం ఒళ్ళు హూనం చేసుకుంటే, లోపలి కడ్డీలు బద్ధకంగా ఒక్కసారి లేచి దిగేవి. ఇంకోసారి అంటే నాకు ఏడుపొచ్చేది.

ఏ మ్యూజియమూ రాలేదు. దాని ఓనర్లు తుక్కుకు అమ్మేశారు. బుధవారం లాక్కెళ్తారనగా ఆ శనివారం కూడా ఆయన తలుపు కొట్టారు. రేవుకి వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది.

"ఇంకా తిప్పి ఏం యూజ్ అంకుల్? ముక్కలు చేసేస్తారుగా!"

"చేస్తారమ్మా. బిగుసుకుపోయిందని మాత్రం అనకూడదు."

తిప్పాం. ఆయన గ్రీజు పెట్టి, గుడ్డతో తుడిచి, లైట్లు ఆర్పి దిగారు.

మరుసటి శనివారం మళ్ళీ తలుపు చప్పుడు. మరకల చొక్కాతో నిలబడి ఉన్నారు. నన్ను చూశాక గుర్తొచ్చినట్టుంది. "అయ్యో, లేదు కదూ" అన్నారు. ఆ ముఖం చూడలేక కార్ కీస్ తీసుకున్నాను. ఖాళీ రేవు దగ్గర ఇద్దరం చాలాసేపు నీళ్ళు చూస్తూ కూర్చున్నాం.

తిరిగొస్తుంటే, "ఇంక శనివారాలు హాయిగా పడుకోమ్మా" అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. లాభం లేదని తెలిసిన పనినైనా శుభ్రంగా ముగించి రావడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అలిసిపోతాను, విసుక్కుంటాను, చేస్తాను. శనివారం పొద్దున మాత్రం, ఎంత ప్రయత్నించినా, నిద్ర పట్టదు.