పాలపిట్ట ఉన్న చోటు

గమ్ము వాసన నాకు పడదు. మొన్న అటక మీంచి దించిన పాత నోటుబుక్కు అట్ట ఊడి చేతికొస్తే, అతికిద్దామని మా అమ్మాయి గమ్ము సీసా తెచ్చి నా ముందే మూత తీసింది. లేచి వరండాలోకి వెళ్లిపోయాను. అది తొంభైల మొదట్లో, నా పదేళ్ల వయసులో, ఆదివారం బడికి పట్టుకెళ్లిన నోటుబుక్కు.

ఆదివారం బడి అని మేమనుకునేవాళ్లం గానీ, దాని అసలు పేరు ప్రకృతి కేంద్రం. నారాయణగూడ సందుల్లో ఒక పెంకుటింటి ముందు గదులు రెండు, వెనక కాస్త తోట, అన్నిటికీ కలిపి ఒక్క సారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై, బందరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. చిక్కడపల్లి, అశోక్‌నగర్ పిల్లలం పదిహేనుమందిమి పొద్దున్నే పోగయ్యేవాళ్లం. ఎండాకాలం వేపపండ్లు ఏరి, గుజ్జు పిసికి, గింజలు నీడన ఆరబెడితే రెండు రోజులదాకా చేతులతో ఏం తిన్నా చేదుగానే ఉండేది. తొలకరికి తోటలో ఎర్రగా, మెత్తగా పాకే ఆరుద్ర పురుగుల్ని అరచేతిలోకి ఎక్కించుకుని మళ్లీ మట్టిలోనే దింపాలి, అగ్గిపెట్టెలో దాచుకున్నవాడితో సారు వారం రోజులు మాట్లాడేవారు కాదు. వినాయక చవితి ముందు కళ్లు మూసుకుని పత్రి వాసన చూసి ఏ ఆకో చెప్పడం, బతుకమ్మకు తంగేడూ గునుగూ సగమే కోసి సగం విత్తనానికి వదలడం, అన్నీ అయ్యాక సారు భార్య పెట్టే ఉడకబెట్టిన పల్లీలు వేడివేడిగా జేబుల్లో పోసుకుని ఒలుచుకుంటూ ఇళ్లకు నడవడం, ఇదీ మా చదువు.

నోటుబుక్కులో ప్రతి పేజీకి నాలుగు గడులు గీయించేవారు. తేదీ, ఏం చూశాం, ఎలా ఉంది, చోటు. నాలుగో గడి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. "చూసింది ఊరంతా చెప్పండమ్మా, చోటు మాత్రం ఎవరికీ చెప్పకండి" అనేవారు. ఖాళీగా ఉంచేదానికి గడి ఎందుకని నేనే అడిగాను. "చెప్పకూడనిది ఒకటుందని గుర్తుండటానికి" అన్నారు.

ఆ ఏడు వానలు తగ్గాక, అశోక్‌నగర్ నాలా పక్క ఖాళీ జాగాలో తల విరిగిపోయిన తాటిమోడు మీదికి ఒక పాలపిట్ట రావడం మొదలుపెట్టింది. కూర్చుంటే మట్టిరంగు, లేస్తే నీలం. ఉన్న ఒక్క దుర్భిణినీ సారు వంతులవారీగా ఇచ్చారు. నా వంతులో దాని పైముక్కు కొస విరిగి ఉందని కనిపెట్టాను, అది ఇంకెవరికీ కనబడలేదు. వారం రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మా నానమ్మకు దసరా అంటే పాలపిట్టే, ఆనాడు అది కంటబడితేనే ఏడాదంతా మంచి. జమ్మి ఆకు పంచుకోవడమైనా తర్వాతే. కిందటేడు పండుగనాడు పొద్దంతా వాన పడి పిట్ట కనబడలేదు. శివరాత్రి లోపే తాత పోయాడు, ఎండాకాలంలో నానమ్మకు ఎడమ పక్క పడిపోయింది. రెంటికీ ఆ పిట్ట కనబడకపోవడమే కారణమని ఆమె నమ్మకం. వాకిట్లో బతుకమ్మ పాటలు వినబడుతుంటే గోడవైపు తిరిగి పడుకుని, "ఈయేడు గూడ చూడకపోతే నేనుండ బిడ్డా" అనేది. దుప్పటి కింద ఆమె చల్లటి చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. నాకేమో చోటు తెలుసు.

మమ్మల్ని స్కూలుకు తీసుకెళ్లే రిక్షా యాదగిరికి చెప్పేశాను. నానమ్మ చేతి అన్నం తిని పెరిగానని చెప్పుకునే మనిషి, ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. ఆమెను రిక్షాలో ఆ మోడు దాకా తీసుకెళ్లమని బతిమాలాను.

"గా గుంతలల్ల గుంజుకపోతే అమ్మ పానం ఆగమైతది బిడ్డా. నేను చూస్త తీ, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

దసరానాడు మధ్యాహ్నం ఉతికిన అంగీ తొడుక్కుని, గుడ్డ కప్పిన పంజరంతో గుమ్మంలో నిలబడ్డాడు. పిట్టలు పట్టేవాళ్లను వెంటబెట్టుకెళ్లి పట్టించాడట. "అమ్మ పిట్టకాడికి పోలేదు గదా, పిట్టనే అమ్మకాడికి తెచ్చిన" అన్నాడు. ఆ మొహంలో ఎంత సంతోషమో. నానమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. కుడిచెయ్యి ఒక్కటే నుదుటికి ఆనించి మొక్కుతూ ఏడ్చింది. నేను దగ్గరికెళ్లి చూశాను. పైముక్కు కొస లేదు.

"ఇగ ఇడిసిపెట్టు యాదగిరి, దాని ఉసురు మనకొద్దు" అంది నానమ్మ.

ప్రహరీగోడ మీద పంజరం పెట్టి తలుపు తీశాడు. పిట్ట బయటికి వచ్చి, రెక్క విప్పబోయి, విప్పలేక అవతలి మట్టిలో పడింది. ఎగిరిపోకుండా పట్టినవాళ్లు రెక్కలు ఒంటికి గమ్ముతో అతికించేశారు. "నీళ్లు తగిల్తే పోతదన్నరు" అని యాదగిరి తెల్లమొహం వేశాడు. మంచం మీంచి గోడ కనబడదు. "ఎగిరిందా?" అని నానమ్మ కేకేసింది. "ఎగిరిందత్తమ్మా" అంది అమ్మ.

పిట్టను బుట్టలో పెట్టుకుని యాదగిరి రిక్షాలోనే సారు దగ్గరికి పరిగెత్తాం. ఆయన గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి ఒక్కొక్క ఈకే తుడుస్తుంటే గదంతా తడిసిన గమ్ము వాసన. ఈకలు దూదితోపాటే ఊడి వచ్చాయి. "ఎక్కడిదమ్మా?" అని అడిగారు. "ఎవరో తెచ్చిండ్రు సార్" అన్నాను. యాదగిరి నావైపు చూసి, నీళ్ల గిన్నె సారు దగ్గరికి జరిపాడు. సారు పిట్టను వెలుగువైపు తిప్పి దాని ముక్కు చూశారు, ఆ తర్వాత మళ్లీ తుడవసాగారు. మూడో రోజు అది చచ్చిపోయింది.

ఆ ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, "తప్పు నాదేనమ్మా. ఇంతమందిని వెంటేసుకుని అక్కడ నిలబడితే ఎవరో గమనించి ఉంటారు. ఇక పిట్టల దగ్గరికి వెళ్లొద్దు" అన్నారు. దుర్భిణి బీరువాలో పెట్టి తాళం వేశారు. నేనే సార్ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనకు తెలిసే ఆ మాటన్నారేమోనని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో. పిట్టలు లేని ఆదివారాలకు పిల్లలు ఒక్కొక్కరే మానేశారు, రెండేళ్లకు కేంద్రం మూతపడింది. నానమ్మ ఇంకా ఆరేళ్లు బతికింది. దసరాకు వచ్చినవాళ్లందరితో "గా పిట్టనే నన్ను బతికించింది" అని చెబుతుంటే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

పెంకుటింటి జాగాలో ఇప్పుడు అపార్టుమెంటు లేచింది, తాటిమోడు ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. దసరాకు ఫోనులో పాలపిట్ట బొమ్మ చూసి మొక్కుకుంటున్నాం. సారు పోయారన్న కబురు కూడా ఏడాది ఆలస్యంగా తెలిసింది.

వరండాలోంచి తిరిగొచ్చేసరికి మా అమ్మాయి అట్ట అతికించి పేజీలు తిప్పుతోంది. పాలపిట్ట పేజీలో నాలుగో గడి ఖాళీ. దాని కింద సారు ఎర్రసిరా: "చూపు బాగుంది. చోటు రాయనందుకు మరీ సంతోషం."

"నిజంగ ఎవ్వరికి చెప్పలేదా మమ్మీ?" అని అడిగింది.

లేదన్నాను. మళ్లీ అదే అబద్ధం. రాత్రికి రాత్రి మారే మనిషిని కాను గనక, ఎదురుగా చెప్పలేనిది ఇలా రాసిపెడుతున్నాను. మా అమ్మాయి చదువుతుంది.