పడవను నమ్మిన ఖాదర్‌బాషా మేస్త్రి

పోయిన శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు, షెడ్డులో పడవ అచ్చుకు మైనం పూస్తూండగా ఫోను మోగింది. కడప నుంచి షమీమ్, మేం బాషా మామ అని పిలిచే మేస్త్రి కూతురు. "అక్కా, అబ్బా పోయినాడు" అన్న మాట తర్వాత ఏడుపే వినిపించింది. కూతురింట్లో టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. పక్కనున్నవాళ్లు పట్టుకునేలోపే ప్రాణం పోయింది. డెబ్బై ఒక్క ఏళ్ల వయసులోనూ పడవ బోర్లించడానికి భుజం ఆనించే మనిషి అంత నిశ్శబ్దంగా వెళ్లిపోతారని నేనెన్నడూ అనుకోలేదు.

కర్నూలు పాతబస్తీలో 'పడవల బాషా' అంటే తెలియనివారు తక్కువ. సముద్రం ఎరుగని ఈ మెట్టనేలలో పడవలు చేసిన విలక్షణ శిల్పి ఆయన. వడ్రంగుల ఇంట్లో పుట్టారు. పందొమ్మిదో ఏట బంధువు వెంట పడమటి తీరానికి పోయి, యాట్లనే తెరచాప విహారనౌకలు కట్టే యార్డులో చేరారు. మొదట చెక్కపని, ఆ తర్వాత ఫైబర్ పని నేర్చుకున్నారు. గాజునారతో నేసిన గుడ్డను పొరలు పొరలుగా అచ్చులో పరచి, రెసిన్ అనే జిగురుతో తడిపి, గట్టిపడనిచ్చే విద్య అది. పదహారేళ్లలో యార్డుకు పెద్ద మేస్త్రి అయ్యారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఆ యార్డులోనే మొదలైంది. తాము కట్టిన ఒక యాట్‌ను దూరపు దీవులకు చేర్చాల్సి వచ్చింది. దారిలో మరమ్మతు వస్తే చేయడానికని నలుగురు నావికులతో ఆయన్ను కూడా పంపారు. రెండో నాటికి తుపాను పట్టుకుంది. చుక్కాని విరిగింది. తెరచాప కొయ్య కూలింది. పై తలుపు పగిలి లోపలికి నీళ్లు వచ్చాయి. రెండు రోజులు వంతులవారీగా నీళ్లు తోడారు. ఆ మర్నాడు మధ్యాహ్నం ఒక సరుకు ఓడ కనిపించి, దగ్గరికొచ్చి తాళ్ల నిచ్చెన దించింది. ముగ్గురు ఎక్కారు. నాలుగోవాడు ఫ్రాన్సిస్. ఆయనకు ప్రాణస్నేహితుడు. నిచ్చెన అందుకోబోతుండగా అల పడవను ఎత్తి కిందికి విసిరింది. ఫ్రాన్సిస్ ఓడకూ పడవకూ నడుమ పడిపోయాడు. మళ్లీ పైకి రాలేదు. చివరగా ఎక్కింది బాషా మామ.

నెల తిరక్కముందే చేపలవాళ్లకు ఆ యాట్ నడిసముద్రంలో తేలుతూ కనిపించింది. తీరానికి లాక్కొచ్చాక ఆయన వెళ్లి చూశారు. కొయ్య లేదు, చుక్కాని లేదు, మోకాలి లోతు నీళ్లున్నాయి. కానీ పడవ ఒళ్లు ఎక్కడా చీలలేదు. వంటగదిలో బియ్యం డబ్బా మూత కూడా ఊడలేదట. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన కళ్లు నేలకు దిగేవి.

"ఓడోళ్లది తప్పు గాదు పద్మమ్మా, దేవుని మాదిరి వచ్చినారు" అని నాతో అనేవారు. "తప్పు నాది. కట్టినోన్ని నేనే. నా పడవ నిలుస్తాదని నాకే నమ్మకం ల్యాకపాయ. ఇంకొక పూట లోపలే కూసోని ఉంటే, గాలి తగ్గినాక నెమ్మదిగా ఎక్కేటోళ్లం. వాడు బతికుండేటోడు."

ఆ తర్వాత ఆయన సముద్రం దగ్గర ఉండలేకపోయారు. కర్నూలుకు తిరిగొచ్చి, ఊరి చివర రేకుల షెడ్డు వేశారు. రిజర్వాయర్లలో చేపలు పట్టేవారికీ, వరదల్లో జనాన్ని కాపాడేవారికీ పడవలు చేయడం మొదలుపెట్టారు. "వానే రాని ఊర్లో పడవలేందప్పా?" అని నవ్వినవాళ్లకు, "వచ్చినపుడు చూద్దువులే" అన్నదే ఆయన సమాధానం.

నేను కోడుమూరు చేనేత కుటుంబం నుంచి వచ్చాను. మా మగ్గం ఆగిపోయిన ఏడు, గుడ్డ పట్టడం తెలిసినవాళ్లు కావాలని ఆయన మా వీధికి వచ్చారు. గాజుగుడ్డను మొరటుగా లాగితే పోగులు జారిపోతాయి. వడ్రంగి చేతులకు ఆ పని లొంగలేదు. ఆయన తెచ్చిన ముక్కను మా నాయన తిప్పి తిప్పి చూస్తుంటే, నేను కలగజేసుకుని, "దీనికి పడుగు యాడ, పేక యాడ?" అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇన్నేండ్లలో ఈ మాట అడిగినది నువ్వొకతివే! అల ఒక దిక్కు నుంచే కొట్టదమ్మీ. ఒక పొర నిలువుకు వేస్తే, ఇంగొకటి ఏటవాలుకు వేయాల. దెబ్బ యాడ పడినా అడ్డం నిలిచే పోగు ఒకటి ఉండాల. రేపట్నుంచి రా" అన్నారు. పద్దెనిమిదేళ్ల శిష్యరికానికి అదే నాంది.

గురువుగా ఆయన కఠినులు. ఒకసారి పండుగ ముందు తొందరలో నేనొక పడవ పక్కభాగం ముగించాను. రంగు కూడా వేశాం, అద్దంలా మెరిసిపోతోంది. ఆయన జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, పడవకు చెవి దగ్గరపెట్టి అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయారు. గట్టిగా అతికిన చోట ఖంగుమంటుంది. పొరల మధ్య గాలి మిగిలితే మొద్దుగా పలుకుతుంది. అరచేయంత చోట మొద్దుగా పలికింది. రంపం నా చేతికిచ్చారు. నేను ఏడుస్తూ కోశాను. "అలకు నీ రంగు కనపడదు" అన్నది ఆ రోజు ఆయన పలికిన ఒకే ఒక్క వాక్యం. ఆ కోపాన్ని నేను నెల రోజులు క్షమించలేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ల చేతికి అదే రంపం ఇస్తున్నాను.

ఆయన నిర్మాణంలోని ప్రతిభ నిజంగా పరీక్షకు నిలిచింది హంద్రి నది పొంగిన ఏడు. కోడుమూరు దిగువన ఒక పల్లె చుట్టూ నీళ్లు కమ్మాయి. అరవై దాటిన వయసులో, వద్దన్నా వినక, ఆయనే పడవ ఎక్కారు. ఇంజను నడిపే ఓబులేసు, నేను వెంట వెళ్లాం. ఒక మిద్దె మీద నుంచి ఏడుగురిని దించుకుని తిరిగి వస్తుండగా నీళ్లలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి ఇంజను ఆగిపోయింది. ప్రవాహం మమ్మల్ని మునిగిన ప్రహరీగోడ మీదికి నెట్టింది. పడవ పక్క దానికి కొట్టుకోవడం మొదలైంది. ప్రతి దెబ్బకూ ఎముక విరిగినట్టు చప్పుడు. చేతికందేంత దూరంలో పాత గిడ్డంగి మెట్లున్నాయి. చంటిబిడ్డతో ఉన్న లక్ష్మీదేవి అనే ఆమె లేచి నిలబడింది.

"కూసో తల్లీ!" అని అరిచారు బాషా మామ.

"పడవ పగుల్తాండాదప్పా! సప్పుడు ఇనపడల్యా? ఆ మెట్ల మీదికి దుంకుతా!"

"పగిలేది పైన రంగు. లోపల ఎనిమిది పొరల గుడ్డ ఉండాది. పరిచినది ఈయమ్మే. పద్మమ్మా, చెప్పు. నిలుస్తాదా, నిలవదా?"

ఏడుగురూ నా వైపు చూశారు. ఆ పక్కను నేను ఎలా పరిచానో, ఎన్ని రోజులు ఆరబెట్టామో, ఏ పొర ఏ దిక్కుకు వేశామో అన్నీ ఒక్కసారిగా గుర్తుకు తెచ్చుకున్నాను. "నిలుస్తాది. కూసో అక్కా" అన్నాను. ఆమె బిడ్డను కరుచుకుని కూర్చుంది.

ఇంకో పడవ వచ్చి తాడు విసిరేసరికి ముక్కాలు గంట పట్టింది. అంతలోపే గిడ్డంగి గోడ మెట్లతో సహా నీళ్లలోకి జారిపోయింది.

గట్టుకు చేరాక పడవను బోర్లించాం. రంగు పూర్తిగా లేచిపోయింది. పైమూడు పొరలు చీలికలై వేలాడుతున్నాయి. వాటి కింద ఐదు పొరలు చెక్కుచెదరలేదు. బాషా మామ వాటి మీద అరచేయి పెట్టారు. "ఫ్రాన్సిస్" అన్నారు. ఆయన కన్నీరు నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రోజు నుంచి సముద్రం సంగతి చెప్పేటప్పుడు తల దించుకోవడం మానేశారు.

దోషాలు లేనివారని నేననను. కోపం ముక్కుమీదే. ఏ కొలతా కాగితం మీద పెట్టేవారు కాదు. పోరు పెట్టి, పక్కన కూర్చుని, నేనే ఒక నోటు పుస్తకం నింపాను. అడిగిన ప్రతివారికీ విద్య చెప్పారు. తన అచ్చులను పొరుగూరివారు నకలు చేసుకున్నారని తెలిసినా, "మంచిగ చేస్తాండారా లేదా, అది చూడు" అన్నారు.

కడపలో ఖననానికి మా షెడ్డంతా తరలివెళ్లింది. ఓబులేసు జనాజాకు భుజం పట్టాడు. వరసగా నిలబడ్డవారిలో మౌల్వీలూ, మా నేతవారూ, చేపలవాళ్లూ కలిసిపోయారు. మూడో నాటి ప్రార్థనలు ముగిశాక నేను తిరిగొచ్చి పని మొదలుపెట్టాను. కొత్తగా ఒకరు బ్యాటరీ మోటారు పడవ అడిగారు. అంత బరువు వెనక పెట్టాలా, నడుమ పెట్టాలా అని సందేహం వచ్చింది. ఆలోచించకుండానే ఆయన నంబరు నొక్కాను. షమీమ్ ఎత్తింది. తప్పు తెలిసి క్షమించమన్నాను.

"ఫరవాల్యా అక్కా" అంది ఆ అమ్మాయి. "నీకు తెలీనప్పుడు నువ్వు అబ్బాకు చేస్తాంటివి. అబ్బాకు తెలీనప్పుడు ఎవురికి చేస్తాండెనో తెలుసా? నీకే గదా."

ఫోను పెట్టేసి బరువును నడుమన గీశాను. సరైనదేనని నా నమ్మకం. కాదని మందలించే ఆ గొంతు మాత్రం ఈ లోకంలో ఇక లేదు. ఆ మహనీయ కర్మయోగికి, నా గురువుకు, ఈ షెడ్డులోని ప్రతి చేతి తరఫునా నమస్కరిస్తున్నాను.